ఎర్రకాంతి ప్యానెల్‌.. ఎవరికి? ఎంత దూరం? ఎంతసేపు?

* కొన్ని నొప్పులకు పరిమిత ఊరట
* స్పర్శ తగ్గిన మధుమేహుల పాదాలకు ముప్పు
* ఇంట్లో వాడేవారు తెలుసుకోవాల్సిన విషయాలు

శంషాబాద్‌: అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైన నాటి నుంచి శంషాబాద్‌ పరిసరాల్లో రాత్రికీ పగటికీ తేడా లేకుండా పోయింది. సరకు ఎత్తి దించే లోడర్లు, గంటల తరబడి నిలబడి ఉండే భద్రతా సిబ్బంది, స్టీరింగు వదలని క్యాబ్‌ డ్రైవర్లు, పారిశుద్ధ్య కార్మికులు మూడు షిఫ్టుల్లో పనిచేస్తుంటారు. మోకాలి నొప్పి, నడుము నొప్పి, మడమ నొప్పి వీరికి కొత్త కాదు. విధులు ముగించుకుని ఇంటికి చేరి సెల్‌ఫోన్‌ తెరిస్తే చాలు, నొప్పులన్నీ హరిస్తాయంటూ ఎర్రగా వెలిగే ప్యానెళ్ల ప్రకటనలు కనిపిస్తున్నాయి. రోజుకు పది నిమిషాలు ఎదురుగా కూర్చుంటే మోకాళ్లు కుదుటపడతాయని, జుట్టు మొలుస్తుందని, ముడతలు పోతాయని, మధుమేహంతో వచ్చే పాదాల మంటలు సైతం తగ్గుతాయని ఆ ప్రకటనల సారాంశం. ధర వేల రూపాయల్లో ఉంటుంది.

ఈ మాటల్లో కొంత వాస్తవం ఉంది. ఎక్కువ భాగం అతిశయోక్తి. ప్రకటనల్లో చెప్పని ప్రమాదం కూడా ఒకటుంది. పాదాల్లో స్పర్శ కోల్పోయిన మధుమేహ రోగి నొప్పి, మంట తగ్గుతాయనే ఆశతో ఇలాంటి పరికరం కొనే అవకాశం ఎక్కువ. వేడి తగిలినా, చర్మం కాలినా ముందుగా గుర్తించలేనిదీ ఆయనే. అందుకే కొనడానికి ముందే ఈ పరికరం ఏమిటి, ఏ బాధకు పనిచేస్తుంది, ఎవరు దూరంగా ఉండాలి అన్నది తెలుసుకోవడం అవసరం.

కోళ్ల ఫారం బల్బు వేరు.. ఇది వేరు

ఎర్ర దీపాలు ఈ ప్రాంతవాసులకు సుపరిచితమే. కోళ్ల ఫారాల్లో పిల్లలకు వెచ్చదనం కోసం వేలాడదీసే బ్రూడర్‌ బల్బు ఒకటి. ఫిజియోథెరపీ కేంద్రాల్లో నడుముపై వెలిగించే ఎర్ర బల్బు మరొకటి. ఈ రెండింటి పనీ సెగ ఇవ్వడమే. వేడి నీళ్ల సంచితో కాపడం పెట్టినట్లే కండరాలు సడలి, రక్తప్రసరణ పెరిగి కొద్దిసేపు హాయిగా ఉంటుంది.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న ప్యానెల్‌ నిర్మాణం వేరు. పలకపై పదుల సంఖ్యలో, పెద్దవాటిలో వందల సంఖ్యలో ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. వీటిలో కొన్ని సుమారు 630 నుంచి 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎరుపు కాంతిని ఇస్తాయి. మరికొన్ని 810 నుంచి 850 నానోమీటర్ల మధ్య ఉండే సమీప పరారుణ కాంతిని వెదజల్లుతాయి. ఈ రెండో రకం కాంతి కంటికి దాదాపు కనిపించదు. అందువల్ల ప్యానెల్‌లో సగం దీపాలు వెలగడం లేదని కొందరు పొరబడుతుంటారు. టీవీ రిమోట్‌ కొనను సెల్‌ఫోన్‌ కెమెరాలో చూస్తే వెలుగు కనిపించినట్లే, ఈ దీపాల వెలుగు సైతం చాలా ఫోన్‌ కెమెరాల్లో కనిపిస్తుంది.

ఈ విధానంలో ఉద్దేశం సెగ పెట్టడం కాదు. శరీర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్‌ సి ఆక్సిడేజ్‌ అనే ఎంజైము ఉంటుంది. అది ఎరుపు, సమీప పరారుణ కాంతిని గ్రహించడం వల్ల కణం చురుకుగా పనిచేస్తుందని, వాపు కలిగించే ప్రక్రియలు కొంత తగ్గుతాయని ఎక్కువ మంది పరిశోధకులు వివరిస్తున్నారు. అయితే ఈ వివరణలోని ప్రతి మెట్టూ ఇంకా రుజువు కాలేదు.

నూరేళ్లకు పైబడిన చరిత్ర

కాంతితో చికిత్స అనే ఆలోచన పాతదే. డెన్మార్క్‌ వైద్యుడు నీల్స్‌ ఫిన్సెన్‌ చర్మక్షయకు కాంతితో చికిత్స చేసి 1903లో వైద్యశాస్త్రంలో నోబెల్‌ బహుమతి అందుకున్నారు. ఆయనే 1890వ దశకంలో మశూచి రోగులను ఎరుపు వెలుగు మాత్రమే ప్రవేశించే గదుల్లో ఉంచితే మచ్చలు తక్కువగా పడతాయని ప్రతిపాదించారు. చర్మక్షయ చికిత్స నిలిచింది. ఎర్రగది చికిత్స మాత్రం తర్వాతి పరీక్షలకు నిలవక మరుగున పడింది.

నేటి విధానానికి మూలం 1967 నాటి హంగరీలో కనిపిస్తుంది. బుడాపెస్ట్‌కు చెందిన వైద్యుడు ఎండ్రే మెస్టర్‌ ఎలుకలపై తక్కువ శక్తి గల లేజర్‌ కాంతిని ప్రసరింపజేయగా, జుట్టు గొరిగిన చోట తిరిగి వేగంగా పెరగడాన్ని గమనించారు. తర్వాత పుండ్లు మానడంపై పరిశోధనలు కొనసాగించారు. అనంతరం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వ్యోమనౌకల్లో మొక్కలు పెంచేందుకు ఎర్ర ఎల్‌ఈడీలను ప్రయోగించింది. ఆ దీపాలను గాయాల చికిత్సలోనూ పరీక్షించడంతో లేజర్‌కు బదులు ఎల్‌ఈడీ వాడే దారి ఏర్పడింది. ఎల్‌ఈడీల ధర పడిపోవడంతో ఆస్పత్రి పరికరం ఇంటి గోడకు చేరింది.

ఏ బాధకు ఏ మేరకు?

మోకాలి కీళ్ల అరుగుదల: 22 ప్రయోగాలను కలిపి విశ్లేషించిన ఒక సమీక్ష 2019లో బీఎంజే ఓపెన్‌ పత్రికలో వెలువడింది. తగిన మోతాదులో లేజర్‌ ఇచ్చినప్పుడు నొప్పి తగ్గినట్లు అందులో తేలింది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఉంది. ఆ ప్రయోగాల్లో మోకాలి చుట్టూ నిర్ణీత బిందువుల వద్ద లేజర్‌ ఇచ్చి, ఒక్కో బిందువుకు ఎంత శక్తి అందిందో లెక్కకట్టారు. అడుగు దూరంలో గోడకు వేలాడే ప్యానెల్‌ ఎదుట కూర్చోవడం దానితో సమానం కాదు. లేజర్‌తో వచ్చిన ఫలితాన్ని ప్యానెల్‌ ప్రకటనలో చూపడం నేడు సర్వసాధారణంగా జరుగుతోంది. ప్యానెల్‌తో ఊరట కలగవచ్చు. అరిగిన కీలు మాత్రం తిరిగి పెరగదు.

మెడ నొప్పి: 2009లో లాన్సెట్‌ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష లేజర్‌ చికిత్స మెడ నొప్పిని తగ్గించినట్లు పేర్కొంది. ఇదీ ప్యానెల్‌తో జరిపిన పరీక్ష కాదు.

జుట్టు రాలడం: వంశపారంపర్యంగా వచ్చే బట్టతలపై లేజర్‌ దువ్వెనకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2007లో విక్రయ అనుమతి ఇచ్చింది. జుట్టు సాంద్రత కొంత పెరిగినట్లు ప్రయోగాల్లో కనిపించింది. వాడకం ఆపితే ఫలితం నిలవదు. రక్తహీనత, థైరాయిడ్‌ లోపం వల్ల రాలే జుట్టుకు అసలు కారణానికే వైద్యం చేయాలి.

మొటిమలు, ముడతలు: తేలికపాటి మొటిమలపై నీలి, ఎరుపు కాంతులను కలిపి వాడినప్పుడు కొంత మేలు కనిపించింది. ముడతలపై జరిగినవి ఎక్కువగా చిన్న అధ్యయనాలే. నల్లని, చామనఛాయ చర్మం గలవారు మోతాదు తగ్గించుకోవాలి. తెల్లని చర్మం వారు తట్టుకున్నంత ఎర్రకాంతిని ముదురు రంగు చర్మం తట్టుకోలేదని అమెరికాలో జరిగిన భద్రతా పరీక్షల్లో తేలింది. మంగు మచ్చలు ఉన్నవారికి వెలుగు, వేడి రెండూ మచ్చలను పెంచే అవకాశం ఉంది.

క్యాన్సర్‌ రోగుల నోటి పుండ్లు: ఈ కాంతి చికిత్సకు గట్టి ఆధారం ఉన్న చోటు ఇదే. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్‌ తీసుకునేవారికి నోటిపూత రాకుండా చూసేందుకు అంతర్జాతీయ మార్గదర్శకాలు దీనిని సిఫారసు చేశాయి. అది క్యాన్సర్‌ ఆస్పత్రిలో, శిక్షణ పొందిన సిబ్బంది చేతుల మీదుగా జరగాల్సిన చికిత్స. ఇంట్లో గడ్డపై ప్యానెల్‌ వెలిగించడానికి అది అనుమతి కాదు.

బరువు తగ్గడం, మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్‌ వంటివాటికి ఈ ప్యానెల్‌ను మందులకు ప్రత్యామ్నాయంగా భావించరాదు. వాడుతున్న మాత్రలు మానుకోవడం ఏ పరిస్థితిలోనూ తగదు.

మధుమేహుల పాదాలు.. అసలు హెచ్చరిక

పాదాల్లో తిమ్మిరి, మంటలు, స్పర్శ లేకపోవడం మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తులు. పరారుణ కాంతి వెదజల్లే మెత్తలను పాదాలకు కట్టుకుంటే స్పర్శ తిరిగివస్తుందన్న ప్రచారం అమెరికాలో 2000వ దశకంలో జోరుగా సాగింది. 2006 అక్టోబరులో అక్కడి ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్‌ ఈ చికిత్సకు చెల్లింపులు నిలిపివేసింది. 2008లో డయాబెటిస్‌ కేర్‌ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. 69 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి అసలు పరికరాన్ని, మరో వర్గానికి అదే రూపంలో ఉండి చికిత్స కాంతి ఇవ్వని పరికరాన్ని అందజేశారు. రోజుకు 40 నిమిషాల చొప్పున 90 రోజులపాటు వారు ఇంట్లోనే వాడారు. రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ప్రయోజనం లేకపోవడం ఒక ఎత్తు, ప్రమాదం మరో ఎత్తు. ప్యానెల్‌ ముఖ్యోద్దేశం సెగ కాకపోయినా, అతి దగ్గరగా ఎక్కువసేపు ఉంచితే చర్మం వేడెక్కుతుంది. ఎర్ర బల్బుల విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. స్పర్శ ఉన్నవారు చురుక్కుమనగానే కాలు వెనక్కు తీసుకుంటారు. స్పర్శ లేనివారికి బొబ్బ లేచేవరకూ తెలియదు. మధుమేహ రోగి పాదంపై చిన్న బొబ్బ పుండుగా మారి, చీము పట్టి, చివరకు వేలు లేదా పాదం తొలగించాల్సిన స్థితికి దారితీయవచ్చు. కుష్ఠు వ్యాధి వల్ల స్పర్శ కోల్పోయినవారికీ, పక్షవాతంతో ఒక పక్క స్పర్శ తగ్గినవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

పాదాలు మండుతున్నా, తిమ్మిరెక్కుతున్నా ముందుగా చేయించాల్సింది రక్తంలో చక్కెర పరీక్ష. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవారికి మధుమేహం, రక్తపోటు పరీక్షలు ఉచితంగా చేస్తారు. రోజూ రాత్రి పాదాలను, వేళ్ల సందులను చూసుకోవడం, చెప్పులు లేకుండా నడవకపోవడం, పుండు కనిపించిన రోజే వైద్యుని వద్దకు వెళ్లడం.. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు.

కళ్లు.. పిల్లలు

ప్యానెల్‌ వైపు నేరుగా చూడరాదు. ఎరుపు వెలుగు తీవ్రంగా ఉంటే రెప్ప దానంతటదే పడుతుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతికి రెప్ప వాలదు, కనుపాప ముడుచుకోదు. అందుకే అది లోనికి వెళ్తున్నట్లు తెలియదు. కళ్లు మూసుకున్నా రెప్పల గుండా కొంత ఎర్రకాంతి లోనికి వెళ్తుంది. ముఖంపై వాడేవారు పరికరంతో వచ్చిన నల్లని కళ్లజోడు తప్పక ధరించాలి. ఎరుపు, నీలి కాంతులతో ముఖానికి ధరించే న్యూట్రోజీనా మాస్కును 2019లో తయారీ సంస్థ మార్కెట్‌ నుంచి వెనక్కు తీసుకుంది. కొన్ని రకాల కంటి జబ్బులు ఉన్నవారికి, కాంతికి స్పందించే మందులు వాడేవారికి హాని కలగవచ్చన్న అనుమానమే అందుకు కారణం.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హ్రస్వదృష్టి పెరగకుండా చూసేందుకు చైనాలో 650 నానోమీటర్ల ఎర్రకాంతిని రోజుకు రెండుసార్లు, మూడేసి నిమిషాలు పిల్లల కళ్లలోకి పంపే పరికరాలు వ్యాప్తిలోకి వచ్చాయి. దృష్టి దోషం వేగం తగ్గినట్లు ప్రయోగాల్లో కనిపించింది. అయితే ఇలాంటి పరికరం వాడిన 12 ఏళ్ల బాలికకు రెటీనా దెబ్బతిన్న ఉదంతం 2023లో వైద్య పత్రికలో ప్రచురితమైంది. తర్వాత చైనా ప్రభుత్వం ఈ పరికరాలను అత్యధిక ప్రమాద శ్రేణిలోకి మార్చి, 2024 జులై నుంచి కఠిన నిబంధనలు విధించింది. ఒంటికి వాడే ప్యానెల్‌ను కళ్లద్దాలు పోతాయన్న ఆశతో పిల్లల కళ్లకు చూపడం అత్యంత ప్రమాదకరం. చూపులో తేడా వస్తే మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆస్పత్రి వంటి చోట పరీక్ష చేయించుకోవాలి.

పచ్చకామెర్ల శిశువును ఎర్ర వెలుగు కింద పడుకోబెట్టడమూ పొరపాటే. శిశువులకు ఆస్పత్రుల్లో ఇచ్చేది 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య ఉండే నీలికాంతి. బిలిరుబిన్‌ను విడగొట్టేది అదే. ఎర్రకాంతి ఆ పని చేయదు. ఆలస్యమైతే శిశువు మెదడుకు ముప్పు. ఇలాంటి శిశువును వెంటనే నిలోఫర్‌ వంటి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. అలాగే బొల్లి మచ్చలకు చర్మవైద్యులు ప్రధానంగా వాడేది 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. అదీ వైద్యుని పర్యవేక్షణలోనే.

దూరం, కాలం.. లెక్క ఇదీ

మాత్రకు మోతాదు ఉన్నట్లే కాంతికీ ఉంటుంది. ప్రతి చదరపు సెంటీమీటరు చర్మంపై పడే కాంతి తీవ్రతను మిల్లీవాట్లలో, మొత్తం శక్తిని జౌళ్లలో కొలుస్తారు. తీవ్రతను సెకన్లతో గుణించి వెయ్యితో భాగిస్తే మోతాదు వస్తుంది. ఉదాహరణకు 15 సెంటీమీటర్ల దూరంలో ప్యానెల్‌ తీవ్రత 50 మిల్లీవాట్లు అనుకుందాం. పది నిమిషాలంటే 600 సెకన్లు. 50ని 600తో గుణిస్తే 30,000. వెయ్యితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 30 జౌళ్లు. అదే ప్యానెల్‌ ఎదుట అరగంట కూర్చుంటే 90 జౌళ్లు అవుతుంది.

దూరం పెరిగితే తీవ్రత తగ్గుతుంది. చిన్న దీపమైతే దూరం రెట్టింపు కాగానే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. వెడల్పాటి ప్యానెల్‌ దగ్గర అంత వేగంగా తగ్గకపోయినా తగ్గడం మాత్రం ఖాయం. కాబట్టి దూరం పేర్కొనకుండా తీవ్రతను మాత్రమే చెప్పే ప్రకటనకు విలువ లేదు. దుస్తులు చాలావరకు కాంతిని అడ్డుకుంటాయి. ప్యాంటు మీద నుంచి మోకాలికి వెలుగు పెట్టడం వల్ల ఉపయోగం ఉండదు.

ఎక్కువసేపు ఉంటే ఎక్కువ మేలన్న భావన కూడా సరికాదు. పైరుకు యూరియా కొంతవరకే బలం, మోతాదు మించితే పైరు పడిపోతుందన్నది రైతులకు తెలిసిందే. ప్రయోగశాలల్లో కణాలపై కాంతి ప్రభావమూ ఇదే తీరులో కనిపించింది. తగిన మోతాదులో ఉత్తేజం, మితిమీరితే ఫలితం తగ్గడం లేదా తలకిందులు కావడం జరుగుతుంది. మరో పరిమితి లోతు. ఎర్రకాంతిలో అధిక భాగం చర్మంలోని తొలి కొన్ని మిల్లీమీటర్లలోనే ఇంకిపోతుంది. పరారుణ కాంతి మరికొంత లోనికి వెళ్తుంది. తుంటి కీలు, వెన్నుపూస మధ్య డిస్కు వంటి లోతైన భాగాలకు చేరేది స్వల్పమే.

ఇంట్లో వాడే పద్ధతి

* ముందు నొప్పికి కారణమేమిటో ఎముకల వైద్యునితో లేదా సాధారణ వైద్యునితో తేల్చుకోవాలి.

* చర్మాన్ని కడిగి తుడుచుకోవాలి. నొప్పి నివారణ బామ్‌లు, తైలాలు రాసుకుని కూర్చోరాదు. వేడి తోడైతే చర్మం కమిలిపోతుంది.

* దూరాన్ని కంటి అంచనాతో కాక టేపుతో కొలవాలి. తయారీదారు సూచించిన దూరాన్నే పాటించాలి.

* మొదటి వారం రోజు విడిచి రోజు, మూడు నుంచి అయిదు నిమిషాలు చాలు. మరునాటికి ఎరుపు, మంట, దురద లేకపోతేనే సమయం కొద్దిగా పెంచుకోవాలి. సూచించిన గరిష్ఠ సమయాన్ని దాటరాదు.

* సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. రాత్రి విధుల నుంచి వచ్చినవారు ప్యానెల్‌ ఎదుట నిద్రపోతే ముప్పు తప్పదు.

* వాడకానికి ముందు రోజు నుంచే నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో పుస్తకంలో రాసుకోవాలి. నాలుగు వారాల తర్వాత అంకె తగ్గకపోతే వాడకం ఆపడం మేలు.

* ఎర్తింగ్‌ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గునే వాడాలి. స్నానాల గదిలో, తడి చేతులతో ముట్టుకోరాదు. వెనుక ఫ్యాన్‌కు గాలి తగిలేలా గోడకు దూరంగా ఉంచాలి.

కరెంటు ఖర్చు స్వల్పమే. వంద వాట్లు తీసుకునే ప్యానెల్‌ను రోజుకు 20 నిమిషాల చొప్పున నెల రోజులు వాడితే ఒక యూనిట్‌ ఖర్చవుతుంది.

రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి ఈ ప్యానెల్‌ నిద్ర మందు కాదు. మెదడులోని నిద్ర గడియారం ప్రధానంగా నీలి వెలుగుకు స్పందిస్తుంది. ఎరుపు ప్రభావం దానిపై తక్కువ. ఆ మేరకు పడుకునే ముందు సెల్‌ఫోన్‌ వెలుగు కంటే ఎర్ర దీపం నయమే. పగటి నిద్రకు కావాల్సింది మాత్రం చీకటి గది, నిశ్శబ్దం, వేళ తప్పని పడక.

వీరు దూరంగా ఉండాలి

పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహులు, పాదంపై పుండు ఉన్నవారు, రెటీనా జబ్బులు ఉన్నవారు, లూపస్‌ వంటి కాంతి పడని వ్యాధుల బారిన పడినవారు, క్యాన్సర్‌ ఉన్నవారు, తేలని గడ్డ లేదా మారుతున్న పుట్టుమచ్చ ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా వాడరాదు. గర్భిణులు పొట్ట, నడుము భాగాలపై వాడకపోవడమే క్షేమం. మూర్ఛ వ్యాధి ఉన్నవారు మిణుకుమిణుకుమని వెలిగే పద్ధతిని ఎంచుకోరాదు. కొన్ని యాంటీబయాటిక్‌లు, మొటిమల మాత్రలు చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తాయి. మందుల చీటీ చూపి వైద్యుని సలహా తీసుకోవాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ప్యానెల్‌ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరంతోపాటు మోకాలు వాచి ఎర్రగా వేడెక్కడం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, నడుము నొప్పితోపాటు మూత్రంపై అదుపు తప్పడం లేదా తొడల మధ్య మొద్దుబారడం.. ఇవన్నీ అత్యవసర పరిస్థితులే. ఇలాంటప్పుడు దీపం ముందు గడిపే ప్రతి రోజూ నష్టమే.

చట్టం ఏం చెబుతోంది?

వ్యాధి నివారణకు, చికిత్సకు ఉద్దేశించిన పరికరాలన్నీ 2020 ఏప్రిల్‌ 1 నుంచి ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. తక్కువ ప్రమాదం గల ఎ, బి తరగతుల పరికరాలకు 2022 అక్టోబరు నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు విధానం వర్తింపజేశారు. కొందరు అమ్మకందారులు పెట్టెపై సౌందర్య సాధనమనో, ఆరోగ్య సాధనమనో రాసి, ప్రకటనల్లో మాత్రం జబ్బులు నయమవుతాయని చెబుతుంటారు. పెట్టెపై ఒక మాట, ప్రకటనలో మరో మాట ఉంటే అనుమానించాల్సిందే. మధుమేహం, బొల్లి, కంటిపొర, స్థూలకాయం, పక్షవాతం వంటివి నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది.

విదేశీ సంస్థలు చెప్పే అమెరికా అనుమతికి కూడా పరిమితి ఉంది. ఇలాంటి పరికరాల్లో ఎక్కువ వాటికి లభించేది, ఇప్పటికే అమ్మకంలో ఉన్న పరికరంతో ఇది సమానమేనన్న అంగీకారం మాత్రమే. అన్ని జబ్బులకూ పనిచేస్తుందన్న ధ్రువీకరణ కాదు.

కొనే ముందు అయిదు ప్రశ్నలు

1. తరంగదైర్ఘ్యం ఎన్ని నానోమీటర్లు? ఎరుపు, పరారుణ కాంతులు రెండూ ఉన్నాయా?

2. ఎంత దూరంలో ఎంత తీవ్రత? చవక సౌర మీటర్లతో కొలిస్తే అంకె అసలు కంటే ఎక్కువగా చూపుతుంది. ఏ పరికరంతో కొలిచారో అడగాలి.

3. నిజంగా తీసుకునే కరెంటు ఎంత? అయిదు వాట్ల ఎల్‌ఈడీలు 200 ఉన్నాయి కనుక వెయ్యి వాట్లని చెప్పడం పరిపాటి. అసలు అంకె ప్యానెల్‌ వెనుక అతికించిన రేటింగ్‌ పట్టీపై ఉంటుంది.

4. వైద్య పరికరమని చెబుతుంటే తయారీ లేదా దిగుమతి లైసెన్సు సంఖ్య ఏది? దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర పెట్టెపై ఉన్నాయా?

5. నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కు తీసుకుంటారు? బిల్లు ఇస్తారా?

మోసపోయామని భావించినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫోన్‌ చేయవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. బిల్లు, ప్రకటన చిత్రం భద్రపరచుకోవడం తప్పనిసరి.

ప్యానెల్‌ కొన్నా కొనకపోయినా మోకాలి నొప్పికి తప్పక చేయాల్సింది తొడ కండరాల వ్యాయామం. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేరుగా ముందుకు చాచి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేయాలి. అధిక బరువు ఉన్నవారు బరువు తగ్గించుకుంటే కీలుపై భారం తగ్గుతుంది. విధుల్లో గంటకోసారి అయిదు నిమిషాలు కూర్చునే వీలు చూసుకోవాలి. కీళ్ల అరుగుదలకు వైద్య మార్గదర్శకాలన్నీ మొదటి స్థానం ఇస్తున్నది వ్యాయామానికీ, బరువు నియంత్రణకే. ఎర్రకాంతి ప్యానెల్‌ను వాడదలచినవారు వాటికి తోడుగా వాడుకోవచ్చు గానీ, వాటి స్థానంలో కాదు.